ఎర్రబారిన స్లయిడ్లు: మిగిలిన రంగును రాబట్టేదెలా?

మలక్‌పేటలోని పాత ఇళ్ళ అటకల మీద, ట్రంకుపెట్టెల అడుగున, చిన్న అట్టచట్రాలలో బిగించిన ఫిల్ము స్లయిడ్లు ఇప్పటికీ కనబడుతుంటాయి. గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్ళిన పెద్దలు తెచ్చినవి కొన్ని, హజ్ యాత్రలో తీసినవి కొన్ని. బొంబాయి రేవు నుండి హాజీలతో ఓడలు బయలుదేరిన దృశ్యాలూ వాటిలో ఉంటాయి. ఆ ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి. ఆ స్లయిడ్లు నేడు ఇటుకపొడి చల్లినట్లు ఎర్రబారి ఉంటే, పాడైపోయాయని పారవేస్తున్నారు. తొందరపడవద్దని మా మనవి.

స్లయిడ్‌లో మూడు రంగుల పొరలుంటాయి: సయాన్, మెజెంటా, పసుపు. ఎర్రని వెలుగును ఆపేది సయాన్. పాత ఎక్టాక్రోమ్ వంటి ఫిల్ములలో, చీకటిలో దాచినా సరే, మొదట క్షీణించేది అదే. అటకమీది వేడి ఆ క్షీణతను త్వరపెడుతుంది. కోడాక్రోమ్ మాత్రం చీకటిలో దశాబ్దాలు నిలుస్తుంది. దానికి శత్రువు ప్రొజెక్టరు దీపం.

స్కాన్ చేయించేటప్పుడు 16 బిట్ల లోతు అడగండి. మొదటి ప్రతిని ఏ దిద్దుబాటూ లేకుండా భద్రపరచండి. ఆ తరువాతే మరో ప్రతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను విడివిడిగా సరిచేయాలి. హజ్ స్లయిడ్లలో ఇందుకు రెండు మంచి ఆనవాళ్ళున్నాయి: తెల్లని ఇహ్రామ్, కాబాపై నల్లని కిస్వా. ఫిల్ములో నలుపంటే మూడు రంగులూ నిండుగా ఉన్న చోటు. కనుక సయాన్ నష్టం తెలుపులో కంటే నలుపులోనే బయటపడుతుంది; కిస్వా ముదురు ఎరుపుగా కనిపిస్తుంది. ఎరుపు భాగంలోని ఆ చీకటి కొసను మిగతా రెండింటి సరసకు దించితే చిత్రం చాలావరకు తేరుకుంటుంది. ఇహ్రామ్ విషయంలో కొంత నిదానం అవసరం. సాయంకాలపు ఎండలో అది నిజంగానే పసుపుగా ఉంటుంది, దానిని బలవంతంగా తెల్లబరచకూడదు.

పూర్తిగా పోయిన రంగును మాత్రం ఏ యంత్రమూ తేలేదు, ఊహించి పూస్తుంది. మేము చూసిన ఒక స్లయిడ్‌లో దుపట్టా గులాబీగా ఉంది. అది మొదటినుండీ గులాబీయా, సయాన్ పోయిన వంగపండు రంగా? కంప్యూటరు గులాబీనే తళతళలాడించింది. ఆ ఇంటి నానీమా చూసి, “వంగపండు రంగే మౌలానా, మా అన్న తెచ్చాడు” అన్నారు. ఇంట్లో అలా చెప్పగలవారు ఉండగానే అడిగి, చట్రంపై పెన్సిలుతో వ్రాసి పెట్టండి.

స్కాన్ అయ్యాక అసలు స్లయిడ్లను మళ్ళీ అటక ఎక్కించవద్దు. చల్లగా, పొడిగా ఉండే లోపలిగది బీరువా చాలు.