రంగుటద్దం అడుగున వెలుగు

రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో గానీ, అంచులకు రాగి రేకు చుట్టి టంకం వేసి గానీ ఒక్కటిగా కూర్చే స్టెయిన్డ్ గ్లాస్ పనిలో, రంగు గాజులోనే ఉన్నా అది కంటికి అందేది వెనుక నుంచి వెలుతురు దాన్ని దాటుకుని వచ్చినప్పుడే. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చిలో క్రీస్తు ఆరోహణాన్ని, జననాన్ని, శిలువ ఘట్టాన్ని చూపే మూడు పెద్ద కిటికీలు పగటిపూట రంగులతో నిండి ఉండి, పొద్దుగూకాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా నల్లబడిపోవడానికి కారణం ఇదే. పనిబల్ల మీదా అంతే. చెక్క మీద పక్కపక్కన పరిచిన ముదురు ఎరుపు, ముదురు నీలం గాజులు రెండూ దాదాపు నల్లగానే ఉండి, ఏది ఏదో తేల్చుకోవడం అలవాటు పడిన కంటికి కూడా కష్టమవుతుంది. లోపల దీపాలు, పైన పాల తెలుపు పలక ఉన్న పెట్టె, అంటే లైట్ బాక్స్, ఈ పనిలో గాజు కోసే కట్టర్ తరువాత అంతటి అవసరమైన వస్తువు కావడానికి ఇదొక్కటే చాలు.

కరెంటు లేని రోజుల్లో ఈ అవసరాన్ని పగటి వెలుతురే తీర్చేది. 12వ శతాబ్దపు తొలినాళ్లలో థియోఫిలస్ అనే క్రైస్తవ సన్యాసి చేతిపనుల మీద రాసిన గ్రంథం ప్రకారం, సుద్ద పూసిన చెక్కబల్ల మీద కిటికీ బొమ్మను అసలు కొలతల్లో గీసుకుని, గాజును దాని మీద ఉంచి, అడుగున కనిపించే గీతల వెంట గుర్తులు పెట్టేవారు. గాజు ముదురుగా ఉండి గీతలు కనిపించకపోతే, ఆ గీతలను ముందు తెల్ల గాజు మీదకు దింపుకుని, ముదురు గాజును దానికి జోడించి, రెండింటినీ వెలుతురుకు ఎత్తి పట్టి గీయమని ఆయన చెప్పిన ఉపాయంలో నేటి లైట్ బాక్స్ ఆలోచన అప్పటికే ఉంది. తరువాతి కాలపు కార్ఖానాల్లో పెద్ద అద్దాన్ని కిటికీకి ఎదురుగా నిలబెట్టి, సీసపు గీతలు వచ్చే చోట నల్లరంగు పూసి, రంగు ముక్కలను మైనంతో అంటించి చూసుకునేవారు. 19వ శతాబ్దం చివర న్యూయార్క్‌లోని టిఫనీ కార్ఖానాలోనూ గాజు ఎంపిక ఇలాగే సాగింది.

ఒకే గాజు పలకలో రంగు అంతటా ఒకేలా ఉండదు కాబట్టి, నమూనా కాగితాన్ని బాక్స్ మీద పరచి, చారలున్న ఆకుపచ్చ పలకను దాని మీద అటూ ఇటూ జరుపుతూ పోతే, ఒకచోట ఆ చార సరిగ్గా ఆకు ఈనె మీదికి వచ్చి కూర్చుంటుంది, అక్కడే గుర్తు పెట్టి కోస్తారు. కోత కూడా కింది గీతను చూస్తూ నేరుగా సాగించవచ్చు. అయితే సీసపు పట్టీలో రెండు గాజు ముక్కల మధ్యకు వచ్చే నడిమి గోడకు దాదాపు 1.75 మిల్లీమీటర్లు, రాగి రేకు పనికి అందులో సగం వరకు ముక్కల మధ్య ఖాళీ వదలాలి కాబట్టి, కట్టర్ గీత మీద కాక గీతకు లోపలి అంచున నడవాలి. పాలవంటి మసక గల ఓపలెసెంట్ గాజుల్లో చాలావాటి గుండా కింది గీత కనిపించదు. వాటికి కాగితపు అచ్చు కత్తిరించి అంటించడమే మార్గం, అక్కడ గీత చూపడానికి ఎంత ఖరీదైన బాక్సూ పనికిరాదు.

బాక్స్ కొనేటప్పుడైనా కట్టేటప్పుడైనా చాలామంది కాంతి ఎక్కువగా ఉండాలని చూస్తారు, నిజానికి చూడవలసింది కాంతి సమంగా ఉందా, రంగు విషయంలో నిజం చెబుతుందా అన్నదే. దీపానికీ పలకకూ మధ్య దూరం చాలకపోతే పైన వెలుగు చుక్కలు తేలి, లేత గాజులో లేని మచ్చలు ఉన్నట్టు తోస్తాయి. ఎల్‌ఈడీ పట్టీలతో కట్టే పెట్టెలో ఒక వరుసకూ మరో వరుసకూ ఎంత ఎడం ఉందో, పట్టీలకూ తెల్ల పలకకూ మధ్య కనీసం అంత, వీలైతే దానికి ఒకటిన్నర రెట్లు ఎత్తు ఉంచాలి. ఉదాహరణకు 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టెలో 6 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పది వరుసలు వేస్తే 9 మీటర్ల పట్టీ పడుతుంది; మీటరుకు 4.8 వాట్ల సాధారణ రకమైతే మొత్తం 43 వాట్లు, అంటే 12 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును పట్టీలకు తగిన వోల్టేజీకి మార్చే పరికరం, సరిపోతుంది. పట్టీని ముక్కలు చేయకుండా ఒకే వరుసగా తిప్పితే దూరం పోయేకొద్దీ వోల్టేజీ తగ్గి చివరి భాగం మసకబారుతుంది కాబట్టి, పది ముక్కలకూ రెండు మందపాటి తీగల నుంచి విడివిడిగా కరెంటు అందించాలి.

కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు. 3,000 కెల్విన్ల పసుపు కాంతిలో ఎరుపు, కాషాయం మెరిసి నీలం చచ్చుబడుతుంది. 6,500 దగ్గర నీలం పైచేయి అవుతుంది. ముద్రణ రంగంలో రంగులు సరిచూసేందుకు ప్రమాణంగా తీసుకున్న 5,000 కెల్విన్లు ఇక్కడా మధ్యేమార్గం. దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో తెలిపే సీఆర్‌ఐ అనే కొలత 90కి తగ్గకూడదు. చవక ఎల్‌ఈడీలలో ముదురు ఎరుపు కాంతి తక్కువ కావడం వల్ల కెంపు రంగు గాజు మట్టిరంగుకు తిరిగి, మంచి పలక కూడా పక్కన పడిపోతుంది. కాంతి మరీ ఎక్కువైతే మరో చిక్కు వస్తుంది: లేత రంగులు వెలిసిపోయి, ముక్క చుట్టూ ఖాళీగా ఉన్న తెల్ల పలక కళ్లను మిరుమిట్లు గొలిపి, గాజు రంగును అసలుకంటే ముదురుగా చూపిస్తుంది. ముక్కలు లేని చోటంతా నల్ల కాగితం కప్పితే ఈ మోసం చాలావరకు పోతుంది. కాంతిని తగ్గించుకునే డిమ్మర్ ఉంటే మరీ మంచిది.

పై పలకకు యాక్రిలిక్ ఒక్కటే వేస్తే గాజు రవ్వలు గీరి నెలల్లోనే మసకబారుతుంది, మామూలు అద్దం వేస్తే చేతి బరువుకు పగిలే ప్రమాదం ఉంటుంది. అడుగున 3 మిల్లీమీటర్ల పాల తెలుపు యాక్రిలిక్, దాని మీద 6 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాస్ వేయడం నిలకడైన పద్ధతి. వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన ఆ అద్దాన్ని తరువాత కోయడం కుదరదు కాబట్టి కొలత ముందే ఖాయం చేసుకోవాలి, అంచుకు దెబ్బ తగిలితే మొత్తం గులకల్లా రాలిపోతుంది కాబట్టి అంచులను చట్రంలో దాచాలి. కనీసం ఒక వైపు చట్రం అద్దంతో సమమట్టంగా ఉంటే రవ్వలను బ్రష్‌తో ఊడ్చేయవచ్చు. మిగతా పెట్టెకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల మెరుపు లేని తెల్లరంగు, గాలి ఆడే రంధ్రాలు చాలు. ఎస్‌ఎంపీఎస్ పెట్టె బయట ఉండి, దానికి ఎర్త్ తప్పక ఉండాలి. టంకం వేడి, గాజు అంచులను అరగదీస్తూ నీళ్లు చిమ్మే గ్రైండర్ ఈ బల్ల దరిదాపులకు రాకూడదు.

కొనేవారికి బజారులో దొరికే పలుచని ట్రేసింగ్ ప్యాడ్‌లు, అంచున దీపాలుండి యాక్రిలిక్ పలక ద్వారా కాంతిని పరిచేవి, రంగు ఎంచుకోవడానికి, నమూనా దింపుకోవడానికి పనికొస్తాయి గానీ వాటి మీద గాజు కోస్తే కట్టర్ ఒత్తిడికి పలక దెబ్బతింటుంది. అంతకంటే గట్టిది ఆసుపత్రుల్లోని పాత ఎక్స్‌రే వ్యూ బాక్స్. ఫిల్ములు పోయి కంప్యూటర్ తెరలు వచ్చాక చాలాచోట్ల వీటితో అవసరం తీరిపోయింది. 14 అంగుళాలకు 17 అంగుళాల ఫిల్ము పట్టే పెట్టె చిన్న కిటికీ బొమ్మలకు సరిపోతుంది. అయితే కొనే ముందు వైర్ల పైతొడుగు పగిలిందేమో చూడాలి, యాక్రిలిక్ పసుపు తిరిగిందేమో తెల్ల కాగితం పక్కన పెట్టి పరీక్షించాలి. పసుపు తిరిగితే పలక మార్చాలి, లేకపోతే ప్రతి నీలం గాజూ కాస్త ఆకుపచ్చగా కనిపిస్తూనే ఉంటుంది.