ఊరు కదల్లేదు, నియోజకవర్గం కదిలింది

పెద్దేముల్‌లో 1960లో పుట్టిన ఒక రైతును అనుకుందాం. పేరక్కర్లేదు. నాలుగెకరాల కంది చేను, ఊళ్లోనే ఇల్లు. అప్పట్లో ఓటు రావాలంటే 21 ఏళ్లు నిండాలి కాబట్టి 1980 లోక్‌సభ ఎన్నికలకు అందలేదు. తొలి పార్లమెంటు ఓటు 1984లో వేశాడు. అప్పటి నుంచి ఇల్లు మారలేదు, చేను మారలేదు, పోలింగు బూతు కూడా ఊళ్లోనే. కానీ ఆయన పుట్టేనాటికి ఆ ఊరు హైదరాబాద్ జిల్లాలో ఉండేది. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో వికారాబాద్ జిల్లాలోకి వెళ్లింది. లోక్‌సభ లెక్కలో హైదరాబాద్ నియోజకవర్గం నుంచి చేవెళ్లకు మారింది.

1984 నుంచి 2004 దాకా, ఆరు ఎన్నికల పాటు, ఆయన ఎంపీ సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ. చార్మినార్‌కూ తాండూరుకూ ఒకే ఎంపీ ఏమిటని ఇప్పటి కుర్రాళ్లు అడుగుతారు. పాత హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పాతబస్తీ సెగ్మెంట్లతో పాటు తాండూరు, వికారాబాద్, చేవెళ్ల కూడా ఉండేవి. 2004లో సలావుద్దీన్ కొడుకు అసదుద్దీన్ గెలిచాడు. 2009లో ఉన్నట్టుండి కొత్త నియోజకవర్గం, కొత్త ఎంపీ: సూదిని జైపాల్ రెడ్డి.

ఈ వ్యాసం ఆ జైపాల్ రెడ్డి గురించి. ఆయన రాజకీయ జీవితం యాభై ఏళ్లది. అందులో పెద్దేముల్ వాటా అయిదేళ్లే. అయినా ఆ అయిదేళ్ల దగ్గర నిలబడి చూస్తే మిగతాదంతా బాగా కనిపిస్తుంది. ఎంపీ అంటే ఎవరు, ఊరికి ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్న ప్రశ్నలకు కూడా జవాబు దొరుకుతుంది.

ముందు నియోజకవర్గం సంగతి. అసెంబ్లీ, లోక్‌సభ స్థానాల సరిహద్దులు శాశ్వతం కావు. జనాభా మారుతుంది కాబట్టి గీతలు మళ్లీ గీయాలి. ఆ పని పునర్విభజన కమిషన్ చేస్తుంది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నాయకత్వంలోని కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా గీసిన గీతలు 2008లో అమల్లోకి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మొత్తం 42 స్థానాలు అలాగే ఉన్నాయి. లోపలి పటం మాత్రం తలకిందులైంది. మిర్యాలగూడ, సిద్దిపేట, హన్మకొండ, భద్రాచలం లోక్‌సభ స్థానాలు మాయమయ్యాయి. చేవెళ్ల, మల్కాజిగిరి, భువనగిరి, జహీరాబాద్, మహబూబాబాద్ పుట్టాయి.

మన జిల్లాకు ఇది కొత్త కాదు. ఒకప్పుడు వికారాబాద్ పేరుతోనే లోక్‌సభ స్థానం ఉండేది. 1957లో అక్కడ గెలిచిన సంగెం లక్ష్మీబాయి, ఆ తర్వాత 1967లో మెదక్ నుంచి గెలిచారు. ఆ వికారాబాద్ స్థానం ఏమైందని అడిగేవాళ్లు ఇప్పుడు లేరు.

2008లో పోయిన మిర్యాలగూడ జైపాల్ రెడ్డి సీటు. 1999లో, 2004లో ఆయన గెలిచింది అక్కడే. కాళ్ల కింది నేల పోయిన ఎంపీ, కొత్తగా వెలిసిన చేవెళ్లకు వచ్చి నిలబడ్డారు. ఏడు సెగ్మెంట్లు: మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు. హైటెక్ సిటీ అద్దాల మేడలూ, తాండూరు బండ తీసే గనులూ ఒకే నియోజకవర్గంలో. ఎ.పి. జితేందర్ రెడ్డి మీద 18 వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. ఇంత పెద్ద స్థానంలో అది బొటాబొటి గెలుపే. లోక్‌సభకు ఆయన గెలవడం అదే ఆఖరు.

మరి మొదలు ఎక్కడ? 1942 జనవరి 16న నల్లగొండ జిల్లా నెర్మటలో పుట్టారు. సొంతూరు పాలమూరు వైపు మాడ్గుల. ఏడాదిన్నర వయసులో పోలియో సోకింది. ఆ తర్వాత జీవితమంతా ఊతకర్రల మీదే. ఉస్మానియాలో ఇంగ్లిషు సాహిత్యంలో ఎంఏ చేశారు, విద్యార్థి నాయకుడయ్యారు. 1969లో కల్వకుర్తి నుంచి ఎమ్మెల్యే. వరసగా 1984 దాకా నాలుగుసార్లు అక్కడి ఎమ్మెల్యేనే.

ఊతకర్రల సంగతి సానుభూతి కోసం చెప్పడం లేదు. మన దగ్గర ఎన్నికల ప్రచారమంటే ఇప్పటికీ కాలినడక, జీపు ఎక్కడం, వేదిక ఎక్కడం, ఇంటింటి గడప తొక్కడం. ఆ రోజుల్లో రోడ్లు కూడా లేని కల్వకుర్తిలో ఒక మనిషి ఇవన్నీ చంకలో కర్రలతో చేసి నాలుగుసార్లు గెలిచాడు. ఆయన బలం నోట్లో ఉందని అందరికీ తెలుసు. ఓపికలో ఎంతుందో అంతగా ఎవరూ చెప్పుకోరు.

ఎమర్జెన్సీ ఆయన దారి మార్చింది. కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉండి దాన్ని వ్యతిరేకించి, 1977లో పార్టీ వదిలి జనతాలో చేరారు. 1980లో ఇందిరా గాంధీ మెదక్‌కు వచ్చి పోటీ చేస్తే, ఎదురు నిలబడింది ఈయనే. రెండు లక్షల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఇందిరమ్మ మీద నిలబడటమంటే ఓడిపోవడానికి సంతకం పెట్టినట్టే. తెలిసే పెట్టారు.

1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు, జనతా తరఫున. కాంగ్రెస్‌కు నాలుగొందలకు పైగా సీట్లున్న సభ అది. ప్రతిపక్షం బెంచీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి సభలో మాటే ఆయుధం. జైపాల్ రెడ్డి పేరు ఢిల్లీకి పరిచయమైంది అక్కడే. బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల వ్యవహారంలో గట్టిగా వినిపించిన గొంతుల్లో ఆయనదొకటి.

ఇక్కడ రాజ్యసభ గురించి రెండు ముక్కలు చెప్పాలి. రాజ్యసభ సభ్యుణ్ని మనం ఎన్నుకోం, మన ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పదవీకాలం ఆరేళ్లు. ప్రజల ఓటుతో గెలవలేనివాళ్లకు అది వెనక తలుపు అని ఒక మాట ఉంది. కొందరి విషయంలో నిజమే. జైపాల్ రెడ్డి 1990 నుంచి 1996 వరకు, మళ్లీ 1997 నుంచి 98 వరకు ఆ సభలో ఉన్నారు. 1991–92లో అక్కడ ప్రతిపక్ష నాయకుడు. పార్టీకి సభలో పనికొచ్చే మనిషిని ఓటమి గెలుపులతో సంబంధం లేకుండా సభలో ఉంచుకోవాలంటే అంతకు మించిన దారి లేదు. ఆ లెక్కన ఆయనకు రాజ్యసభ దొడ్డిదారి కాదు.

లెక్క తేల్చుకుందాం: అసెంబ్లీకి నాలుగుసార్లు, లోక్‌సభకు అయిదుసార్లు, రాజ్యసభకు రెండుసార్లు. లోక్‌సభ అయిదు గెలుపుల్లో రెండు మహబూబ్‌నగర్, రెండు మిర్యాలగూడ, ఒకటి చేవెళ్ల. పార్టీలు కాంగ్రెస్, జనతా, జనతాదళ్, మళ్లీ 1999లో కాంగ్రెస్. ఇరవై రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చారు. పార్టీ మారడాన్ని ఈ రోజుల్లో జంప్ అంటాం. ఎన్నికల ముందు రాత్రి కండువా మార్చేవాళ్లతో ఆయన్ను పోల్చలేం గానీ, ఏ ఇందిర కాంగ్రెస్‌ను వదిలారో ఆ కాంగ్రెస్‌లోకే తిరిగొచ్చారన్న విమర్శ మాత్రం మిగిలింది. మతతత్వానికి ఎదురు నిలబడాలంటే ఇదే దారి అన్నది ఆయన వైపు వాదన. నాకు ఆ వాదన సగమే ఒప్పుతుంది. మూడో ఫ్రంటు చెట్టు కూలిపోతుంటే ఎవరి కొమ్మ వాళ్లు వెతుక్కున్న కాలం కూడా అదే.

1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు దక్కింది. అంతకు ముందు గుజ్రాల్ ప్రభుత్వంలో సమాచార, ప్రసార మంత్రి. 1990లోనే పార్లమెంటు ఆమోదించి మూలపడేసిన ప్రసార భారతి చట్టాన్ని 1997లో అమల్లోకి తెచ్చింది ఆయన హయాంలోనే. అంతవరకు ఆకాశవాణి, దూరదర్శన్ నేరుగా సర్కారు శాఖలు. వాటిని ఒక స్వతంత్ర సంస్థ కిందికి తేవడం ఆ చట్టం పని. ఆ స్వతంత్రం ఎంత నిలిచిందో సాయంత్రం వార్తలు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మన్మోహన్ సింగ్ ప్రభుత్వంలో మొదట మళ్లీ సమాచార శాఖ, తర్వాత పట్టణాభివృద్ధి. 2011 జనవరిలో పెట్రోలియం. ఇక్కడే పెద్దేముల్ వంటిల్లు కథలోకి వస్తుంది.

2012 సెప్టెంబర్‌లో కేంద్రం డీజిల్ మీద లీటరుకు అయిదు రూపాయలు పెంచింది. రాయితీ గ్యాస్ సిలిండర్లు ఇంటికి ఏడాదికి ఆరే అంది. తాండూరులో బండ ఎక్కించుకునే లారీకి, చేలో తిరిగే ట్రాక్టరుకు ఆ అయిదు రూపాయలు పెద్ద దెబ్బ. ఆరు సిలిండర్ల లెక్క ఇంకా చేదు. ఉమ్మడి కుటుంబంలో సిలిండరు నెల కూడా రాదు. గ్యాస్ బుక్కులో ఏ తేదీన ఏది వచ్చిందో గృహిణులు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. ఆ శాఖ మంత్రి ఎవరంటే మన ఎంపీయే. నిర్ణయం మంత్రివర్గ కమిటీది, ఒక్కరిది కాదు. కానీ ఊళ్లో తిట్టు తిన్నది ఎంపీయే. ఆ తర్వాత కేంద్రం ఆరును తొమ్మిది చేసింది, ఎన్నికల ముందు పన్నెండు చేసింది.

అదే శాఖలో ఇంకో కథ ఉంది. దాని గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో రిలయన్స్ తీసే గ్యాస్ ధర యూనిట్‌కు 4.2 డాలర్లు. 2014 మార్చి దాకా అదే ధర. కంపెనీ పెంచమంది, జైపాల్ రెడ్డి శాఖ ఒప్పుకోలేదు. గ్యాస్ ఉత్పత్తి చెప్పినంత రాలేదని, అందుకని వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చును రాబట్టుకోవడానికి వీల్లేదని నోటీసు ఇచ్చింది. 2012 అక్టోబర్ 28న మంత్రివర్గ మార్పుల్లో ఆయన పెట్రోలియం నుంచి సైన్స్, టెక్నాలజీ శాఖకు వెళ్లారు. కంపెనీ ఒత్తిడితోనే తీసేశారని ప్రతిపక్షాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. కారణం ఏదైనా, వరస ఇది: గట్టిగా నిలబడ్డారు, శాఖ మారింది, ఎనిమిది నెలల్లో ధర పెంచే సూత్రానికి మంత్రివర్గం ఒప్పుకుంది.

సిలిండరు పరిమితికి తిట్టు తిన్న మంత్రీ, గ్యాస్ ధర పెంచనని భీష్మించుకున్న మంత్రీ ఒకరే. మొదటిది గ్యాస్ బుక్కులో కనిపించింది. రెండోది కనిపించలేదు. ఎంపీ పనిని ఓటరు తూకం వేయడంలో ఉన్న చిక్కే ఇది.

ఊరికి కనిపించే పని ఎంపీ ఎంత చేయగలడు? ఎంపీ నిధులు 2011 నుంచి ఏడాదికి అయిదు కోట్లు. ఏడు సెగ్మెంట్లకు సమంగా పంచితే ఒక్కోదానికి సుమారు 71 లక్షలు. తాండూరు సెగ్మెంటులో తాండూరు, పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ మండలాలున్నాయి. అంటే పెద్దేముల్ మండలం వాటా ఏడాదికి 18 లక్షల లోపు. ఊరికో సీసీ రోడ్డు ముక్క కూడా రాదు. "ఎంపీ ఏం చేశాడు?" అని అడిగే ముందు ఈ భాగహారం చేసుకోవాలి. ఎంపీ అసలు పని చట్టాలు, బడ్జెట్టు, కేంద్రం మీద ఒత్తిడి. వీధి లైటు సర్పంచ్ పని.

అయినా జైపాల్ రెడ్డి మీద ఒక ఫిర్యాదు న్యాయమైందే. ఎంపీగా ఆయన ఏ నియోజకవర్గంలోనూ గూడు కట్టుకోలేదు. పెళ్లిళ్లకు, చావులకు వచ్చి భుజం మీద చెయ్యేసే రకం కాదు. మాట్లాడితే ఉపన్యాసం, ఆ ఉపన్యాసంలో నిఘంటువు చూడాల్సిన ఇంగ్లిషు పదాలు. అభిమానులు దాన్ని మేధావితనం అన్నారు, కార్యకర్తలు దూరం అన్నారు. రెండూ నిజమే. ఆ దూరానికే ఆయన మూల్యం కూడా చెల్లించారు.

తెలంగాణ ఉద్యమ కాలంలో కేంద్ర మంత్రిగా ఉండి గట్టిగా నోరు విప్పలేదని తిట్టినవాళ్లున్నారు. 2014 ఫిబ్రవరి 18న తలుపులు మూసిన లోక్‌సభలో, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన గందరగోళంలో తెలంగాణ బిల్లు గట్టెక్కిన రోజు తెర వెనక ఆయన నడిపిన మంతనాలే కీలకమని చెప్పేవాళ్లూ ఉన్నారు. సభా రికార్డులో అలాంటి మంతనాలు ఉండవు. పదవిలో ఉన్నవాడి మౌనం పిరికితనమా, పనితనమా అన్నది ఎవరి పక్షాన నిలబడి చూస్తే అలా కనిపిస్తుంది.

రాష్ట్రం వచ్చిన ఆ ఏడాది ఎన్నికల్లోనే ఆయన చేవెళ్లను వదిలి పాత ఇల్లు మహబూబ్‌నగర్‌కు వెళ్లారు. ఎదురుగా ఎవరు? 2009లో చేవెళ్లలో ఆయన ఓడించిన జితేందర్ రెడ్డే, ఈసారి టీఆర్ఎస్ తరఫున. 2,590 ఓట్ల తేడాతో జైపాల్ రెడ్డి ఓడిపోయారు. 2019లో పోటీ చేయలేదు. ఆ ఏడాది జులై 28న హైదరాబాద్‌లో కన్నుమూశారు, 77 ఏళ్ల వయసులో.

మన రైతు మాత్రం ఓట్లు వేస్తూనే ఉన్నాడు. 2014లో చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి. రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి మనవడు. 2019లో రంజిత్ రెడ్డి. 2024లో మళ్లీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి, ఈసారి బీజేపీ నుంచి.

ఇక నీళ్ల సంగతి. ప్రాణహిత–చేవెళ్ల అని 2008లో మొదలైన పథకంలో పేరైనా చేవెళ్లది ఉండేది. కాళేశ్వరంగా మారాక ఆ పేరూ పోయింది. పడమటి రంగారెడ్డి ఆశలు 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల వైపు మళ్లాయి. 2025 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం ఆ పథకానికి జైపాల్ రెడ్డి పేరు పెట్టాలని నిర్ణయించింది. ముఖ్యమంత్రికి ఆయనతో వివాహ బంధుత్వం ఉన్న మాట కూడా పాఠకులకు తెలియాలి. ఆ కాలువ నీళ్లు ఇంకా పెద్దేముల్ దాకా రాలేదు. అక్కడి కంది చేను ఇప్పటికీ వాన మీదే పండుతోంది.