తీతువ పిట్ట శాపం పెడ్తలేదు, పిల్లల్ని కాస్తున్నది

ఎండకాలం వచ్చిందంటె మా శంషాబాద్ చుట్టు వెంచర్లల్ల తీతువ పిట్టల అరుపు మొదలైతది. ఆ పిట్ట అరిస్తె కీడంటరు మన పెద్దలు. ఇంటి మీదికెళ్లి అరుసుకుంట పోతె మా అమ్మ ఇప్పటికీ తిట్టుకుంటది. అదెందుకు అరుస్తదో దాని గూడు వీడియో తీయవోయినంకనే నాకు సమజైంది.

గూడంటె చెట్టు మీద ఉండదు. ఉత్త నేల మీద చిన్న గుంత, చుట్టు నాలుగు గులకరాళ్లు, అంతే. అండ్ల మూడు నాలుగు గుడ్లు. మట్టి రంగు, నల్ల మచ్చలు. రాయేదో గుడ్డేదో దగ్గరికి పోయినా తెల్వది. ఆడది, మొగది వంతులేసుకొని 28 నుంచి 30 దినాలు పొదుగుతయి.

మన ఎండలల్ల పొదుగుడంటె వెచ్చగ ఉంచుడొక్కటే కాదు, సల్లగ ఉంచుడు గూడ. మిట్టమధ్యాహ్నం పిట్ట గుడ్ల మీద నీడోలె నిలవడ్తది. యాడన్న నీళ్లుంటె పొట్ట ఈకలు తడుపుకొనొచ్చి గుడ్లకు తడి తాకిస్తది. అది లేసిపోతె గుడ్లు ఎండల వడ్డట్టే.

ఇవన్ని తెల్వక నేను పట్టపగలు పది అడుగుల దూరంల ఫోను స్టాండు వెట్టి అర్ధగంట కూసున్న. పిట్ట నెత్తి మీద తిరుగుకుంట ఒక్కతీరు అరిసింది. మంచి వీడియో వచ్చిందని సంబురపడ్డ. వెంచర్ వాచ్‌మెన్ తాత ఒక్కటే మాటన్నడు: "బిడ్డా, నువ్వు లేస్తెనే అది కూసుంటది."

తెల్లారి పోతె నాలుగు గుడ్లల్ల రెండే ఉన్నయి. కాకులు మనిషిని కనిపెడ్తయి. మనం యాడ వంగినమో ఆడికే వస్తయి. దానికి తొవ్వ నేనే సూపిచ్చిన్నేమో అని ఇప్పటికీ మనసుల గుంజుతది.

2008 సంది మా నెత్తి మీదికెళ్లి విమానాలు పోతున్నయి. అంత మోతకు ఆ పిట్ట కదలలె. నేను నడిసొస్తె లేసింది. దానికి విమానం భయం లేదు, మనిషి భయమే.

మిగిలిన రెండిటిని దూరంగ కారుల కూసొని తీసిన. పిల్లలైనయి. గుడ్డు నుంచి బయటికొచ్చిన కొద్దిసేపట్లనే నడుస్తయి, పురుగులు సొంతంగ ఏరుకుంటయి. తల్లి అరిస్తె నేలకు అతుక్కొని రాయిలెక్క పంటయి. నెల దాటేదాక ఎగురలేవు. అందాక కుక్కలు, కాకులు, ముంగిసలు, జేసీబీలు అన్నిట్ల నుంచి తప్పిచ్చుకోవాలె.

ఎయిర్‌పోర్టు చుట్టు 10 కిలోమీటర్ల లోపల బయట చెత్త పారబోయొద్దని రూలున్నది. అది విమానాలకు పిట్టలు తగలొద్దని వెట్టింది. గని చెత్త లేకుంటె కుక్కలు, కాకులు తగ్గుతయి, ఈ పిల్లలకూ మేలే. ఇగ 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం అడవి పిట్టల గూళ్లను, గుడ్లను కదిలిచ్చుడు గూడ వేట కిందికే వస్తది.

తీయొద్దంటలేను. దూరంనుంచి జూమ్ వెట్టి తీయుండ్రి. పొద్దుగాల సల్లపూట పోండ్రి, ఐదు నిమిషాలల్ల వాపస్ రాండ్రి. గూడున్న జాగ పేరు పెట్టకుండ్రి. పిట్ట అరిసిందంటె ఎన్కకు జరుగుండ్రి. అది శాపం కాదు, "నా పిల్లలున్నరు, జర పక్కకు పో" అనే మాట.