విద్యుద్యంత్రములపై నుండు ముద్రలు

కర్మాగారములో పనిచేయు విద్యుద్యంత్రమును దగ్గరకు పోయి చూచితిమేని, దాని ప్రక్కన నొక చిన్న లోహపు పలక కానవచ్చును. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియరులు అను లెక్కలతోపాటు వృత్తములో గాని షట్కోణములో గాని కొన్ని అక్షరములు దానిమీద చెక్కబడి యుండును. ఇవి అలంకారమునకు వేసినవి కావు. ఈ యంత్రమువలన అపాయము రాదని యొకరు పూచీపడి యున్నారని వాని యర్థము. ఆ పూచీ యెవరిది, ఎంతవరకు అనునది తెలియకున్నచో ముద్రను చూచియు చూడనట్లే.

ఈ యాచారము నిప్పుభయమునుండి పుట్టినది. 1893వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. అచ్చట లెక్కకు మిక్కిలిగా విద్యుద్దీపములు వెలిగించిరి. తీగెలనుండి నిప్పు రేగునేమో యని అగ్నిభీమా సంఘములవారికి భయము కలిగెను. వారి పక్షమున విలియం హెన్రీ మెరిల్ అను యువ ఇంజనీరు ఆ యేర్పాటులను పరిశీలించి, మరుసటి యేట చికాగోలోనే యొక చిన్న పరీక్షాశాలను స్థాపించెను. తొలినాటి పరికరముల వెల 350 డాలరులట! అదియే పిమ్మట అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అను పేర లోకప్రసిద్ధమైనది. ఇల్లు కాలినచో నష్టము చెల్లింపవలసినవారే పరీక్షకు పూనుకొనుట యిందలి విశేషము. అట్టివారు పరీక్షను నామమాత్రముగా జరుపుదురా?

మన దేశమున 1947లో భారతీయ ప్రమాణముల సంస్థ యేర్పడెను. 1952లో ముద్రలను గూర్చిన చట్టము వచ్చెను. 1987లో ఆ సంస్థ పని బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌కు సంక్రమించినను, ఐ.యస్.ఐ. అను పాత యక్షరములే ముద్రమీద నిలిచియున్నవి. ముద్రకు పైన ప్రమాణసంఖ్య యుండవలెను; ఇండ్లలో వాడు పి.వి.సి. వైరునకు అది 694. క్రింద తయారుచేసినవాని లైసెన్సు సంఖ్య యుండవలెను. సంఖ్య లేని ముద్రను నమ్మరాదు. సంఖ్య యున్నను బ్యూరోవారి పట్టికతో సరిచూచుకొనవచ్చును. నేడు చేతిఫోనుతోనే యా పని జరుగును.

ఐరోపాఖండపు సి.ఇ. ముద్ర వేరు జాతిది. సామాన్యమైన విద్యుత్పరికరములకు దానిని తయారుచేసినవాడే వేసికొనును. అచ్చటి చట్టముల ప్రకారము చేసితినని తానే సంతకము చేసి, అందుకు తగిన పత్రములను దగ్గర నుంచుకొనవలెను. కల్ల యని తేలినచో శిక్ష కలదు. అయినను మూడవవాడొకడు పరీక్షించెనని ఆ ముద్ర చెప్పదు.

ఇక చికాగోవారి ముద్రలలోనే భేదము కలదు. వృత్తములోని యు.యల్. అక్షరములు పూర్తి పరికరమునకు వేయునవి. ఆర్ అను అక్షరము వెనుకకు తిరుగబడి యు అను అక్షరముతో కూడియున్నచో, అది పరికరములో బిగించెడి భాగమునకు వేసిన ముద్ర. ఆ భాగము కొన్ని నిబంధనలకు లోబడి పరీక్షింపబడినది. దానిని గాలియాడని పెట్టెలో పది యితర భాగముల నడుమ ఇరికించినచో, అందలి వేడికి ఆ పరీక్ష జవాబుదారి కాదు. భాగములన్నిటికి ముద్రలున్నవి గాన పెట్టె యంతయు క్షేమమే యనుట, ఇటుకలు మంచివి గాన గోడ పడదనుట వంటిది.

మన సింగరేణి వంటి బొగ్గుగనులలోను, పెట్రోలు శుద్ధిచేయు చోట్లను ఈ భేదము ప్రాణములతో ముడిపడినది. అచ్చటి గాలిలో మండెడు వాయువు కలిసి యుండవచ్చును. స్విచ్చి తెరచునప్పుడు మూయునప్పుడు చిన్న నిప్పురవ్వ పుట్టును. కావున స్విచ్చిని దళసరి లోహపుపెట్టెలో నుంతురు. పెట్టెలోనికి వాయువు పోకుండ చేయుదురని చాలమంది తలంతురు. అట్లు కాదు. వాయువు లోపలికి పోవును. లోపల పేలుడును జరుగవచ్చును. కాని ఆ పేలుడునకు పెట్టె పగులదు. మూతకును పెట్టెకును నడుమ మిక్కిలి సన్నని సందు కలదు. దానిగుండ వెలికివచ్చు మంట తన వేడిని లోహమున కప్పగించి చల్లారి, బయటి వాయువును అంటింపలేకపోవును. 1815లో సర్ హంఫ్రీ డేవీ గనిదీపమునకు చుట్టిన తీగెవల చేసిన పనియు నిదియే.

ఇట్టి పెట్టెలకు ఐరోపావారు వేయు ముద్రయే షట్కోణములోనిది. దాని ధ్రువపత్రసంఖ్య చివర 'ఎక్స్' అను అక్షరమున్నచో వాడుకకు ప్రత్యేక నిబంధనలున్నవనియు, 'యు' అని యున్నచో అది భాగము మాత్రమే కాని పూర్తి పరికరము కాదనియు అర్థము. బోల్టు ఒకటి పోయినను, మూత యంచున లోతుగా గీత పడినను పలకమీది ముద్ర యట్లే యుండును. మంటను చల్లార్చు సందు మాత్రము చెడిపోవును. గనులలో మరమ్మతు చేయువారు మూత పెట్టునప్పుడు అంచులను తుడిచి, సందును కొలిచి, బోల్టులన్నియు లెక్కకు వచ్చిన పిమ్మటనే కరెంటు ఇచ్చుట అందువలననే.