ఇంటి చెరువు, ఊరి చేప
మేదినీపూర్ పల్లెల్లో కుటుంబాలు సాగుచేసే చెరువులకు పెద్ద ఖర్చులు లేవు. పెద్ద చిక్కల్లా వాటాలతోనే.

ఖరగ్‌పూర్ చేపల బజారులో బేరానికి ముందే ఓ విషయం తేలాలి: లోకలా, చలానీయా? చలానీ అంటే మంచు పెట్టెల్లో లారీలెక్కి వచ్చే బయటి సరుకు. అందులో ఆంధ్ర చేపదే పెద్ద వాటా. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడ్డ తెలుగువారి వారసులకు ఝపటాపూర్‌లోనూ ఇదే మీమాంస. చౌకగా దొరికే సొంత గడ్డ చేపా, తాజాగా దొరికే పక్క ఊరి చేపా?

ఆ లోకల్ చేపకు పుట్టిల్లు 'పుకుర్', అంటే ఇంటి వెనక చెరువు. తరచూ ఎకరం కూడా ఉండదు. పైపొర బొచ్చెది, నడుమ శీలావతిది, అడుగు ఎర్రమోసుది. ఒకదాని మేతకు మరొకటి పోటీ రాదు. పేడతో పెరిగే ప్లవకాలకు తోడు తవుడు, ఆవ చెక్క. గట్టు మీద అరటి, కూరగాయలు. పెద్ద చేప బజారుకు, చిన్న చేప ఇంటి కూరకు. ఒకప్పుడు పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. 1957లో హీరాలాల్ చౌధురి కార్ప్ చేపలకు హార్మోను ఇచ్చి గుడ్లు పెట్టించాక ఆ ఇబ్బంది తీరింది.

ఇదే సూత్రం పెద్దయెత్తున కనిపించేది తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల్లో. లోతు తక్కువ చెరువుల్లోకి వదిలిన నగర మురుగునీటిని ఎండ, నాచు, బాక్టీరియా శుభ్రం చేస్తాయి. ఆ క్రమంలో పుట్టేదే చేపకు మేత. దీన్ని లోకానికి వివరించిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 2018లో కన్నుమూశారు. 12,500 హెక్టార్ల ఈ ప్రాంతం, మన కొల్లేరు ఒకే రోజున, 2002 ఆగస్టు 19న, రామ్‌సర్ జాబితాకెక్కాయి. అక్కడ చేపల చెరువులే చిత్తడి నేలను నిలబెట్టాయి. ఇక్కడ అవే సరస్సును మింగుతుంటే 2006లో గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. తప్పు చేపది కాదు, చెరువు ఎక్కడ తవ్వామన్నదే ప్రశ్న.

అలాగని పుకుర్‌కు గండం లేదనుకోలేం. తాత చెరువు మనవల నాటికి పది వాటాలవుతుంది. పూడిక తీయించే ఖర్చు ఎవరూ భరించరు, అమ్మకానికి అందరూ సిద్ధం. పట్టణం పెరిగే చోట నీటి కన్నా నేలకే విలువ. 5 కఠాలు, అంతకు మించిన చెరువులను పూడ్చడాన్ని బెంగాల్ చేపల చట్టం నిషేధించింది. కానీ పాడుబడ్డ చెరువును చట్టం బాగుచేయలేదు. అన్నదమ్ములు ఒక్క మాట మీదుంటేనే అందులో చేప ఉంటుంది.