ఫారంలో లేని గడి

ఖాతా తెరిచే ఫారం మీరంతా చూసే ఉంటారు. పేరు, చిరునామా, నామినీ వివరాలు మనం నింపుతాం. అడుగున 'ఆఫీసు ఉపయోగానికి మాత్రమే' అని ఇంకో భాగం ఉంటుంది. అక్కడ ఖాతాదారు ఏం రాసినా చెల్లదు. ఈ తేడా కౌంటరులో ఉన్నవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. కంప్యూటరు ప్రోగ్రాముకు మాత్రం చెప్పి తీరాలి.

వెబ్‌సైటులో ఫారం నింపి 'సబ్మిట్' నొక్కితే, ప్రతి గడి పేరూ అందులో మనం రాసినదీ జంటగా సర్వరుకు చేరతాయి. వీటినే పారామీటర్లు అంటారు. తెర మీద కనిపించే గడులే వస్తాయన్న హామీ లేదు. కొంచెం పరిజ్ఞానం ఉన్నవారెవరైనా ఫారంలో లేని 'అడ్మిన్: అవును' అనే జంటను కూడా చేర్చి పంపగలరు. వచ్చినదంతా ప్రోగ్రాము రికార్డులో రాసేసుకుంటే, మామూలు వాడకందారు క్షణంలో అధికారి అయిపోతాడు.

ఇలా నిజంగానే జరిగింది. 2012 మార్చిలో ఒక యువకుడు గిట్‌హబ్ సైటులో ఇలాంటి అదనపు పారామీటరు పంపి, తన తాళంచెవిని వేరొకరి ఖాతాకు తగిలించాడు. దాంతో 'రూబీ ఆన్ రైల్స్' ప్రాజెక్టు కోడులోకే మార్పు చేర్చి, లోపం ఉందని రుజువు చేశాడు. గిట్‌హబ్ కూడా ఆ రైల్స్ మీదే నిర్మించిన సైటు.

2013లో వచ్చిన రైల్స్ 4 ఈ పద్ధతిని మార్చింది. అంతకుముందు అనుమతించిన గడుల జాబితా రికార్డును నిర్వచించే 'మోడల్'లో ఉండేది. జాబితా రాయడం మరిచిపోతే అన్ని గడులూ తెరిచి ఉన్నట్టే లెక్క. కొత్త పద్ధతిలో ఆ జాబితా అభ్యర్థనను అందుకునే 'కంట్రోలర్'కు, అంటే కౌంటరుకు, వచ్చింది. ఒకే రికార్డులో ఖాతాదారు మార్చగలిగేవి వేరు, మేనేజరు మార్చగలిగేవి వేరు కదా! దీని పేరు స్ట్రాంగ్ పారామీటర్స్.

పాత అప్లికేషన్‌ను కొత్త వెర్షన్‌కు తెచ్చేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది, జాబితా లేని ఫారం వస్తే ప్రోగ్రాము ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పని త్వరగా తెమలాలని 'అన్నిటికీ అనుమతి' అని ఒక్క మాట రాసేస్తే ఎర్రర్ పోతుంది, పాత ప్రమాదం తిరిగొస్తుంది.

రెండోది, జాబితా రాసినా అందులో ఒక గడి మరిచిపోతే ఎర్రర్ రాదు. ఆ వివరం చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. ఫోన్ నంబరు మార్చినవారికి 'సేవ్ అయింది' అని కనిపిస్తుంది, రికార్డులో మాత్రం పాత నంబరే ఉంటుంది. అందుకే పరీక్షల దశలో, అనుమతి లేని గడి రాగానే ఎర్రర్ ఇచ్చేలా సెట్టింగు పెట్టుకోవాలి.

మూడోది, ఒకే గడిలో పలు ఎంపికలుంటే, ఉదాహరణకు టిక్కు పెట్టే జాబితాలుంటే, 'ఇది జాబితా' అని ప్రత్యేకంగా చెప్పాలి. లేకపోతే అవీ జారిపోతాయి.

మన ఇళ్ళలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు ఇదంతా రోజువారీ పనే కావచ్చు. మిగిలిన మనం చేయగలిగింది కూడా ఒకటుంది. వాడే సైటు ఏదైనా కొత్త రూపంలోకి మారిన తర్వాత వివరాలు సవరిస్తే, 'సేవ్ అయింది' అన్న మాటతో సరిపెట్టుకోకండి. పేజీ మళ్ళీ తెరిచి, మీరు రాసినదే అక్కడ ఉందో లేదో చూసుకోండి.