విశాఖపట్నం ఉద్యానవనాలు, వారసత్వ స్థలాలు

విశాఖపట్నం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో బంగాళాఖాతం తీరాన గల ఓడరేవు నగరం. ఒకవైపు సముద్రం, మరొకవైపు తూర్పు కనుమల కొండలు ఉండుటచే ఇక్కడ చదునైన నేల తక్కువ. అందువలన నగరంలోని ముఖ్యమైన ఉద్యానవనాలు చాలావరకు కొండలపైన, లోయలలో, సముద్రపుటొడ్డున ఏర్పడ్డాయి. బౌద్ధారామాల శిథిలాలు, డచ్చివారి, ఆంగ్లేయుల కాలపు కట్టడాలు కూడా ఈ తీరం వెంబడే ఉన్నాయి. నగర విస్తరణ వలన ఎక్కువ ఒత్తిడికి లోనవుతున్నవి కూడా ఈ స్థలాలే.

నేపథ్యం

పాత నగరం రేవును ఆనుకొని పెరిగింది. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైన తరువాత నగరం ఉత్తరానికి విస్తరించసాగింది. 1978లో విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ (వుడా) ఏర్పడింది; 1979లో పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారింది. నేటి పెద్ద ఉద్యానవనాలలో పలు వాటిని వుడా తీర్చిదిద్దింది. 2018లో ఈ సంస్థ స్థానంలో విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ఏర్పడింది.

ఉద్యానవనాలు

* కైలాసగిరి: సముద్రానికి అభిముఖంగా ఉన్న కొండపై ఏర్పరచిన ఉద్యానవనం. ఇక్కడి శివపార్వతుల విగ్రహాలు, రోప్‌వే ప్రసిద్ధి చెందాయి.
* తెన్నేటి పార్కు: కైలాసగిరి దిగువన, జోడుగుళ్ళపాలెం వద్ద ఉంది. విశాఖ ఉక్కు ఉద్యమ నాయకులలో ఒకరైన తెన్నేటి విశ్వనాథం పేరు దీనికి పెట్టారు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్‌కు చెందిన సరుకు నౌక ఒకటి గాలివానకు కొట్టుకువచ్చి ఇక్కడి ఒడ్డున నిలిచిపోయింది.
* ముడసర్లోవ: నగర త్రాగునీటి కొరకు నిర్మించిన పాత జలాశయం, దానిని ఆనుకొని ఉద్యానవనం ఉన్నాయి.
* ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల: కంబాలకొండ అటవీ ప్రాంతాన్ని ఆనుకొని 625 ఎకరాలలో ఉంది. 1977 మే 19న ప్రారంభమైనది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కైలాసగిరి, జంతు ప్రదర్శనశాల, కంబాలకొండలలో పెద్ద సంఖ్యలో చెట్లు నేలకూలాయి. ఆ తరువాత నగరంలో మొక్కల పెంపకం విస్తృతంగా చేపట్టారు.

వారసత్వ స్థలాలు

నగరానికి, భీమునిపట్నానికి మధ్య గల తొట్లకొండ, బావికొండ సుమారు రెండు వేల సంవత్సరాల నాటి బౌద్ధ కేంద్రాలు. వర్షపు నీటి నిల్వకై రాతిలో తొలిచిన తొట్ల వలన మొదటిదానికి, బావుల వలన రెండవదానికి ఆ పేర్లు వచ్చాయి. 1976లో నౌకాదళ సర్వే సందర్భంగా తొట్లకొండ శిథిలాలు వెలుగుచూశాయి. తరువాతి త్రవ్వకాలలో స్తూపాలు, విహారాలు, శాతవాహన, రోమను నాణేలు లభించాయి. 2019లో భారీ వర్షాలకు ఇక్కడి మహాస్తూపం కొంతభాగం కూలిపోయింది.

భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు ఉన్నాయి. 1825లో ఈ స్థావరం ఆంగ్లేయుల వశమైనది. సాగరతీర రహదారిపై గల విశాఖ మ్యూజియం 1991లో ప్రారంభమైనది. అదే రహదారిపై కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఉంది. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో సేవలందించిన ఈ జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి 2002లో ప్రజల సందర్శనకు తెరిచారు. విశ్రాంత నౌకాదళ ఉద్యోగులే ఇక్కడ వివరణ ఇస్తుంటారు. దీనికి దగ్గరలోనే 1971 యుద్ధ స్మారక స్తూపం ఉంది.

ఎర్రమట్టి దిబ్బలు

భీమునిపట్నం సమీపంలోని ఈ దిబ్బలు వేల సంవత్సరాల పాటు గాలి, నీరు తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడ్డాయి. ఇసుకలోని ఇనుము ఆమ్లజనితో కలియుట వలన ఎరుపు రంగు వచ్చింది. వర్షపు నీరు కోయగా లోతైన గండ్లు ఏర్పడ్డాయి. మంచుయుగ కాలంలో సముద్రమట్టంలోని హెచ్చుతగ్గులను అధ్యయనం చేయుటకు ఈ పొరలు ఆధారం. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది.

ఈ పొరలు పూర్తిగా రాయిగా మారలేదు. త్రవ్వితే సులభంగా జారిపోతాయి. కూలిన కట్టడాన్ని తిరిగి నిలపవచ్చు, కూలిన చెట్టు స్థానంలో మరొకటి నాటవచ్చు. కానీ ఒకసారి చదునైన దిబ్బను తిరిగి నిర్మించుట అసాధ్యం. ఈ కారణం వలననే పరిసరాలలో త్రవ్వకాలు, ఇండ్ల స్థలాల చదును పనులు జరిగినప్పుడల్లా పర్యావరణవేత్తల నుండి అభ్యంతరాలు వ్యక్తమవుతున్నాయి.